దేవగన్నేరు కొమ్మలు కొట్టే కాలం

మా అపార్ట్‌మెంట్ సెక్రటరీగారికి ఒక మంచి అలవాటుంది. ఏ పని చెయ్యాలన్నా అందర్నీ అడుగుతారు, ఎవరు చెప్పిందీ వినరు. మొన్న ఆదివారం నేను కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చోగానే తలుపు కొట్టి, గేటు పక్కనున్న నా దేవగన్నేరు రెండో అంతస్తు దాటిపోయిందనీ, పూలన్నీ పైవాళ్ళ బాల్కనీలోనే పూస్తున్నాయనీ, కింద మనకి మోడు తప్ప ఏమీ కనిపించడం లేదనీ, కొమ్మలు ఎప్పుడు కొట్టించమంటారో చెప్పమనీ అడిగారు. "వచ్చే ఏడు చూద్దాం లెండి" అన్నాను. "పోయినేడూ ఇదే అన్నారు మేడమ్, అంతకు ముందేడూ ఇదే అన్నారు" అని ఆయన నవ్వి వెళ్ళిపోయారు. కాఫీ చల్లారిపోయింది కానీ నాకు మాత్రం ఒకటే నవ్వు. ఎందుకంటే ఆ మాట నాది కాదు. దోహాలో మా పక్క పోర్షన్ అక్కయ్యది. చెట్టుతో పాటు మాట కూడా తెచ్చుకున్నానన్నమాట.

తొంభైల్లో మేం ఖతర్‌లో ఉండేవాళ్ళం. మా ఆయనది ఎలక్ట్రికల్ ఇంజనీరు ఉద్యోగం. ఐన్ ఖాలిద్‌లో ఒక పెద్ద విల్లాని నిలువునా రెండు ముక్కలు చేసి, మధ్యలో నడుమెత్తు గోడ ఒకటి కట్టి, ఇద్దరికి అద్దెకిచ్చారు. ఆ వెనక, పెద్ద ప్రహరీగోడ అవతల, ఇంటి యజమాని ఉండేవాడు. ఆయన్ని మేమంతా అర్బాబ్ అనేవాళ్ళం. పక్క ముక్కలో నరసాపురం వైపు నుంచి వచ్చిన దంపతులుండేవారు. ఆవిడ ఆసుపత్రిలో నర్సు, ఆయన ఒక కంపెనీ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. మేం దిగిన రోజు నేను ఇంకా బొట్టుపెట్టె కూడా విప్పకముందే ఆవిడ గిన్నెనిండా చింతకాయ పచ్చడి, మూత మీద వేడి అన్నం పెట్టుకుని గోడ మీంచి అందించి, "ముందు తినండి, సామాన్లు ఎక్కడికీ పోవు" అంది. ఆ క్షణం నుంచీ ఆవిడ నాకు అక్కయ్య, వాళ్ళాయన బావగారు. నాకు సొంత అక్కలు ఇద్దరున్నారు, వాళ్ళెవరూ నన్ను అంత దబాయించి ఎరగరు.

ఆ గోడ పక్కనే, వెనక ప్రహరీకి దగ్గరగా, ఆవిడ భాగంలో దేవగన్నేరు ఉండేది. తెల్ల రేకలు, నడుమ పసుపు, సాయంత్రమయ్యేసరికి వాసన మా వంటింట్లోకి వచ్చేసేది. అది దోహాలో కొన్న మొక్క కాదు. అక్కయ్య మొదటిసారి సెలవుకి వెళ్ళి వస్తూ, పుట్టింటి పెరట్లోంచి ఒక కొమ్మ విరిచి, తడి న్యూస్‌పేపరు చుట్టి, ఆవకాయ సీసాకీ మాగాయ సీసాకీ మధ్య పెట్టి తెచ్చిందట. ఎయిర్‌పోర్టులో అధికారి అదేమిటని అడిగితే "స్టిక్" అని చెప్పిందట, నిజమే మరి. ఆ ఇసకలో కర్ర పాతితే చిగురేస్తుందని ఆవిడకి తప్ప ఎవరికీ నమ్మకం లేదు. ఏసీ కింద బకెట్టు పెట్టి, గాలిలో తేమంతా పిండుకొచ్చినట్టు కారే ఆ చుక్కల నీళ్ళే పోసి బతికించింది. బావగారు మాత్రం తక్కువ తిన్నారా? అల్ షహానియాలో ఒంటెల దగ్గర పనిచేసే మనవాళ్ళెవరినో పట్టుకుని, సంచులనిండా ఒంటె పేడ కారు డిక్కీలో వేసుకొచ్చారు. చెట్టు ఏపుగా పెరిగింది. ఆ కారులో మాత్రం ఆ వేసవంతా ఎవరూ ఎక్కలేదు.

పూలకి అసలు గిరాకీ శుక్రవారం. అక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి ఆదివారం జరగాల్సిన ప్రార్థనలన్నీ శుక్రవారమే జరిగేవి. ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలోని ఫ్లాట్లలోంచి గోదావరి, కృష్ణా జిల్లాల కుటుంబాలు పొద్దున్నే అక్కయ్య హాల్లోకి చేరేవి. కుర్చీలు తోసేసి, తివాచీ పరిచి, బల్లమీద బైబిలు పక్కన స్టీలు గ్లాసులో దేవగన్నేరు పూలు పెట్టేవారు. శుక్రవారం నాకూ పూజే. ఇంతమంది దేవుళ్ళకి ఒక్క చెట్టు, ఒక్క రోజు. అందుకని అక్కయ్య ఒక పద్ధతి పెట్టింది. తెల్లారగానే లేచి పూలు కోసి, సగం ఒక స్టీలు పళ్ళెంలో పోసి నడుమ గోడ మీద పెట్టేది. అది నా వాటా. ఇటు నేను లలితా సహస్రం మొదలుపెట్టేసరికి అటు వాళ్ళు పాట ఎత్తుకునేవాళ్ళు. నా గొంతు చిన్నది కాబట్టి నేనే ఒక్కోసారి వాళ్ళ పాటలోకి జారిపోయి, నామాలు తప్పి, మళ్ళీ మొదటికి వచ్చేదాన్ని.

చెట్టుకి మాత్రం ఈ వాటాల సంగతి తెలియదు కదా. అది పైకి పోతూనే ఉంది. దేవగన్నేరుకి పువ్వు కొమ్మ చివరే పూస్తుంది. కొమ్మ ఎంత ఎత్తు పోతే పువ్వు అంత ఎత్తు పోతుంది, కింద వట్టి బోడి కాండం మిగులుతుంది. మొదట చేతికందేవి, తర్వాత కుర్చీ వెయ్యాల్సొచ్చింది, ఆ తర్వాత బావగారు పాత కర్టెన్ రాడ్డుకి బట్టల హ్యాంగరు వంచి కట్టి దోటి తయారుచేశారు. దోటి కూడా అందని రోజులొచ్చాక పూలన్నీ రాలి కింద పడటమే, అదీ సగం అర్బాబ్ గారి పెరట్లో. వాళ్ళమ్మగారు సాయంత్రాలు అక్కడే చాప వేసుకుని కూర్చుని, ఒడినిండా ఏరుకునేదట. నాకేమో మా అత్తగారు పెట్టిన నియమం ఒకటుంది, నేలరాలిన పువ్వు పూజకి పనికిరాదు. అక్కయ్యకి ఆ బాధ లేదు. నేను ఖాళీ పళ్ళెం చూసి మూతి ముడుచుకుంటే, "మా ప్రభువు పడిపోయినవాళ్ళనే లేపుతాడు చెల్లాయ్, పువ్వులో లెక్కా" అని కిందపడ్డవన్నీ కడిగి గ్లాసులో పెట్టేసుకునేది. నాకు ఉడుకుమోత్తనం వచ్చేది, నిజం చెప్పొద్దూ.

కొమ్మలు కొట్టించరాదా అని నేను అడగని శీతాకాలం లేదు. ప్రతిసారీ ఒకటే జవాబు, వచ్చే ఏడు చూద్దాం. ఆవిడ బద్ధకస్తురాలేం కాదు. కొట్టిన కొమ్మ పక్క చిగుళ్ళు వేసి, అవి ఎదిగి పూసేసరికి ఒక వేసవి పోతుంది. ఆ ఒక్క వేసవే అక్కడ ఎవరి చేతుల్లోనూ ఉండేది కాదు. మాదంతా కాంట్రాక్టు బతుకు. కొత్త సోఫా కొందామన్నా, గోడకి మేకు కొడదామన్నా, 'పై ఏడు ఉంటామో లేదో' అన్న మాట ముందొచ్చి కూర్చునేది. ఉన్న పూలు పోగొట్టుకుని, లేని ఏడాది కోసం ఎదురుచూడటం ఎందుకని ఆవిడ లెక్క. కాదనడానికి నా దగ్గర మాత్రం ఏముంది? మా ఇంట్లోనూ పెట్టెలు మంచం కిందే ఉండేవి.

ఒకసారి మాత్రం బావగారు సాహసం చేశారు. ఆయనది వ్యవసాయ కుటుంబం. కొమ్మలు కొట్టాలన్నా, అంట్లు పాతాలన్నా తొలకరే సరైన అదునని పుట్టిన దగ్గర్నుంచీ విన్నారు. జూన్‌లో ఇంటికి ఫోన్ చేస్తే నరసాపురంలో మొదటి వాన పడిందని చెప్పారట. ఇక ఆగలేదు. ఇక్కడ వడగాలికి తలుపు గొళ్ళెం పట్టుకుంటే చెయ్యి కాలుతోంది, ఈయన తలకి తువ్వాలు చుట్టుకుని, అక్కడ పడిన వానకి ఇక్కడ చెట్టు నరకడానికి బయల్దేరారు. ఒక కొమ్మ కొట్టేసరికి ఎండ దెబ్బకి ఆయన నీడలో కూలబడ్డారు కాబట్టి మిగతా చెట్టు దక్కింది. కొట్టిన కొమ్మ కొస నుంచి మొదలుదాకా మాడి నల్లగా అయిపోయింది. అక్కయ్య ఆయనకి ఓఆర్ఎస్ తాగించి, కత్తి తీసి తన బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. నవ్వడానికేం, మేమందరం అంతే. నేను ఏ ఎండా లేని నెలలో వడియాలు పెట్టి బూజు పట్టించుకోలేదూ! కాళ్ళు దోహాలో ఉన్నా మా కార్తెలూ మాసాలూ మాతోపాటే విమానమెక్కి వచ్చేశాయి.

అలా సాగుతుండగా ఒక డిసెంబరులో వానా గాలీ కలిసి వచ్చాయి. దోహాలో వాన పడితే పండగే, పిల్లలూ పెద్దలూ అందరం బయటికొచ్చి తడుస్తున్నాం. ఇంతలో ఫెళ్ళుమంది. దేవగన్నేరు కొమ్మ చూడటానికి లావుగా ఉంటుంది కానీ లోపల అంతా పాలే, ఊరికే విరుగుతుంది. పెద్ద కొమ్మ విరిగి ప్రహరీగోడ అవతల అర్బాబ్ గారి కొత్త బండి మీద పడింది. ఆయన మంచివాడే, అరవలేదు. మర్నాడు వచ్చి చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, సగం హిందీలో సగం అరబ్బీలో తేల్చి చెప్పాడు. రంజాన్ వస్తోంది. ఈద్ అయ్యేలోపు చెట్టు ప్రహరీగోడకంటే పొట్టిగా అవ్వాలి, లేకపోతే మొదలంటా తీయించేస్తాడు, ఖలాస్.

సరిగ్గా అదే వారం బావగారి కంపెనీలో ప్రాజెక్టు అయిపోవచ్చిందనీ, వేసవి వెళ్ళాక ఆ సెక్షన్‌లో అందర్నీ పంపించేస్తారనీ మాట బయటికొచ్చింది. ఆసుపత్రిలో ఆవిడ ఉద్యోగం ఉన్నా, ఆయన్ని ఒక్కణ్ణీ పంపి తనొక్కతే ఉండే మనిషి కాదు. అక్కయ్య ఏడవలేదు. తిన్నగా గోడ అవతలికి వెళ్ళి అర్బాబ్ గారి అమ్మని కలిసి వచ్చింది. ఒడినిండా పూలు ఏరుకునే ఆ పెద్దావిడ కొడుకుతో మాట్లాడి, ఇంకో ఒప్పందం కుదిర్చింది. చెట్టుని ఈ వేసవి పూర్తయ్యేదాకా ఉన్నదున్నట్టు వదిలేస్తారు, గాలికి మళ్ళీ ఏమైనా విరిగితే ఆ నష్టం అర్బాబ్ వాళ్ళదే. పూలకాలం అయిపోగానే మొత్తం పీకించేస్తారు. మొదటి మాట కావాలంటే అదీ ఉంది, ఇప్పుడే పొట్టిగా కొట్టేస్తే చెట్టు ఎన్నాళ్ళైనా ఉండొచ్చు. ఏది కావాలో మీరే తేల్చుకోండి అన్నారు.

ఆ సాయంత్రం మేమిద్దరం నడుమ గోడకి చెరో పక్కా నిలబడ్డాం. చలికి ఆకులన్నీ రాలిపోయి చెట్టు వట్టి కర్రలా ఉంది. అక్కయ్య దానికేసి చూస్తూ తన నిర్ణయం చెప్పింది.

"ఇప్పుడు కొట్టేస్తే ఈ వేసవికి పువ్వుండదు. పై వేసవికి మేముండం. మా అమ్మ పెరట్లో కొమ్మ చెల్లాయ్ అది. ఈ ఒక్క వేసవీ కళ్ళారా చూసుకుని వెళ్ళిపోతాను. ఆ తర్వాత పీక్కుంటారో ఏం చేసుకుంటారో వాళ్ళిష్టం."

నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు బకెట్లు మోసి పెంచిన చెట్టుని అంత తేలిగ్గా వదిలేస్తుందా అని కోపం, నన్ను లెక్కలోకే తీసుకోలేదని అంతకంటే కోపం, ఈవిడ వెళ్ళిపోతే నా శుక్రవారాలు ఎలా గడుస్తాయని దిగులు. అన్నీ కలిసి ఒక్క మాటే వచ్చింది.

"మీరు లేకపోతే చెట్టుకెవరూ లేరా అక్కయ్యా? నేనుంటాగా."

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత కొన్ని రోజులు డ్యూటీకి వెళ్తూ, వస్తూ చెయ్యి ఊపేదే తప్ప మాటల్లేవు. మా ఆయన ఇదంతా చూసి, చెట్ల గురించి ఆడవాళ్ళు మాట్లాడుకోవడం మానేస్తే కరెంటు పోయినట్టుందని గొణిగారు. రంజాన్ సగం గడిచింది. చలి విరుగుతున్న సూచనలు కనబడుతున్నాయి. ఆఫీసులు తొందరగా కట్టేసే రోజులు కాబట్టి ఒక మధ్యాహ్నం అందరం ఇంట్లోనే ఉన్నాం. కిటికీలోంచి చూస్తే అక్కయ్య కుర్చీ ఎక్కి ఒక వంగిన కొమ్మ చివర వేలితో తడుముతోంది. నన్ను పిలిచింది. నేనూ ఎక్కి చూశాను. బోడి కొస మీద గోరంత పచ్చగా ఏదో కదిలింది. అప్పుడు నర్సు గొంతుతో అంది ఆవిడ, "పేషెంటు మత్తులో ఉంది చెల్లాయ్. మెలకువ వస్తోంది. లేచేలోపు కానిచ్చెయ్యాలి, తర్వాతైతే తట్టుకోలేదు."

ఇక చూడాలి ఆ హడావిడి. బీరువా తాళం తీసి కత్తి బయటికి తెచ్చింది, అది పనికిరాదని మా ఆయన టూల్‌బాక్సులోంచి రంపం తెచ్చారు, బావగారు నిచ్చెన పట్టుకోవడానికి మాత్రమే అనుమతి పొందారు. ఎక్కడ కొయ్యాలో ఆవిడే చెప్పింది, ఏటవాలుగా కొయ్యమని కూడా. ఒక్కో కొమ్మ పడుతుంటే తెల్లటి పాలు బొటబొటా కారాయి. ఆవిడ చేతులకి తొడుగులు వేసుకుని, కోసిన చోటల్లా పసుపు అద్ది, పాలు ఆగని పెద్ద గాయానికి తన ప్రథమ చికిత్స పెట్టెలోంచి గాజుగుడ్డ తీసి శుభ్రంగా కట్టు కట్టింది. ఆఖరికి నడుమ గోడ మీంచి చూస్తే నాలుగు మొండి చేతులు పైకెత్తి, ఒకదానికి కట్టుతో, చెట్టు నిలబడి ఉంది. అర్బాబ్ వచ్చి చూసి నవ్వలేక చచ్చాడు. వాళ్ళమ్మగారు ఈద్ నాడు పళ్ళెంనిండా ఖర్జూరాలు పంపించి, "మరీజ్ ఎలా ఉంది" అని, అంటే మా పేషెంటు సంగతే, అడిగి రమ్మందట.

సరైన అదునులో కొట్టామని మాకు ఆ తర్వాత తెలిసింది. తొలకరి కాదు, పంచాంగం కాదు, రంజాన్ ఆ ఏడు చలికాలంలో వచ్చి తొందరపెట్టబట్టి కుదిరింది. ఆ శుక్రవారం ప్రార్థనకొచ్చిన ప్రతి కుటుంబమూ ఒక్కో కొమ్మ పట్టుకుపోయింది. పాలు ఆరేదాకా నీడలో పడేసి, తర్వాతే పాతాలని అక్కయ్య ప్రార్థన ముగిశాక అందరికీ మందులు చెప్పినట్టు చెప్పి పంపింది. కొన్నాళ్ళకి ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఏ తెలుగువాళ్ళ బాల్కనీ చూసినా నూనె డబ్బాలో ఒక కర్ర నిలబడి ఉండేది.

వేసవి వచ్చింది, పువ్వు లేదు. అనుకున్నదే అయినా చిన్నబోయినట్టే ఉండేది. నేను పటాలకి అక్షతలతోనే సరిపెట్టాను, అక్కయ్య గ్లాసులో కరివేపాకు రెమ్మలు పెట్టింది, ఆ వాసనకి బావగారు ప్రార్థనలో ఆకలేస్తోందన్నారు. కానీ మొండి చేతులన్నిటికీ చిగుళ్ళు వచ్చాయి. ఒక్కోదానికి రెండేసి, మూడేసి, చేతికందే ఎత్తులో. డ్యూటీ నుంచి రాగానే ఆవిడ యూనిఫాం కూడా మార్చకుండా వాటిని చూసుకునేది. చూసుకుని, తనివితీరక నన్ను కూడా పిలిచి చూపించేది, చూపించి, "నీకేలే, బాగా పూస్తుంది, బోలెడు పూలు" అనేది.

తీరా వేసవి వెళ్ళాక బావగారి కంపెనీకి ఇంకో ప్రాజెక్టు దొరికింది, ఆయన కాంట్రాక్టు పొడిగించారు. అందరం పాయసం చేసుకుని తాగాం. ఆ పాయసం గిన్నె ఇంకా తోమకముందే అన్నంత తొందరలో మా ఆయన ఆఫీసులో కబురు వచ్చింది, మేం వెళ్ళాలని. చలికాలంలో ప్రయాణం. నేనుంటాగా అన్నదాన్ని నేను పెట్టెలు సర్దుకుంటుంటే, ఈ ఒక్క వేసవీ చూసుకుని పోతానన్న మనిషి గోడ పక్కన నిలబడి నా పచ్చడి సీసాలకి ప్లాస్టిక్ కవర్లు చుడుతోంది. ఇద్దరికీ నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడ్చాం. బయల్దేరే ముందు ఆవిడ చెట్టు దగ్గరికి వెళ్ళి ఒక లేత కొమ్మ కోసింది. వద్దు అక్కయ్యా, పూయబోయే కొమ్మ, ఒక గుత్తి పోతుందన్నాను. పోనీ అంది. తడి పేపరు చుట్టి పెట్టెలో రెండు సీసాల మధ్య తనే పెట్టింది.

మే నెలలో ఒక శుక్రవారం ఫోన్ వచ్చింది. ఆ రోజుల్లో ఫోనంటే సగం గరగర, సగం మాట. పూసిందనీ, నిలబడిన చోటి నుంచి చేత్తో కోస్తున్నాననీ, కోస్తూ కోస్తూ అలవాటు కొద్దీ నా పళ్ళెం నింపి గోడ మీద పెట్టేశాననీ చెప్పింది. మా పోర్షన్‌లోకి కరీంనగర్ నుంచి వచ్చిన కొత్త దంపతులు దిగారట. ఆ అమ్మాయి పళ్ళెం తీసుకుని, "ఇవి మాకేనా అక్కా, ఎవరు పెట్టమన్నరు?" అని అడిగిందట. ఏం చెప్పారని అడిగాను. "మీ ఇంట్లో ముందున్నావిడ వాటా, నువ్వు వాడుకో అన్నాను" అంది. అంతలో లైను కట్టయింది.

ఆ లేత కొమ్మే ఇక్కడ ముందు తొట్టిలో, తర్వాత గేటు పక్కన నేలలో పెరిగి ఇప్పుడు రెండో అంతస్తు దాటింది. నేనూ అప్పటిదాన్ని కాదు. మోకాళ్ళు నొప్పులు, ఏడాదికో డాక్టరు. ఒక వేసవి పూలు వదులుకోవాలంటే ఏమిటో మనసొప్పదు, పై వేసవి సంగతి ఎవరు చూశారు అనిపిస్తుంది. సెక్రటరీగారు వెళ్ళిపోయాక అక్కయ్యకి ఫోన్ చేశాను. ఆవిడ ఇప్పుడు నరసాపురంలోనే ఉంది, చెవులు కాస్త మందగించాయి కానీ దబాయింపు తగ్గలేదు. చెట్టు ఇంత ఎత్తయిందనీ, ఇంకా కొట్టించలేదనీ, వచ్చే ఏడు చూద్దామనుకుంటున్నాననీ చెప్పాను.

"ఎందుకే చెల్లాయ్? నీ వీసా ఏమైనా అయిపోతోందా?"

నవ్వి నవ్వి నా కళ్ళజోడు తడిసిపోయింది. అవతల ఆవిడకి దగ్గు వచ్చేదాకా నవ్వింది. ఫోన్ పెట్టేసి, చెప్పులు వేసుకుని, మెల్లగా మెట్లు దిగి సెక్రటరీగారి తలుపు కొట్టాను. చలి విరుగుతుండగా, చిగురు కదలకముందే కొట్టించమని చెప్పాను. ఈ వేసవికి పూలుండవు కదా మేడమ్, మీకు పర్వాలేదా అన్నారాయన. పై వేసవికి బోలెడు పూస్తుంది, నేనుంటాగా అన్నాను. ఉంటానో లేదో తెలిసి అన్న మాట కాదు, ఆ రోజు గోడ దగ్గరా తెలిసి అనలేదు, అయినా అలా అన్నందుకే ఆ చెట్టు ఇన్ని వేసవులు పూసింది.